పూజలో ఉన్న ఎర్రబర్రె

దేవదానానికి పుస్తకాల మీద భక్తి లేదు. గ్రెయిన్ మార్కెట్లో బస్తాలు మోసే హమాలీకి బియ్యం మీద భక్తి ఉంటుందా? బరువుంటుంది, అంతే. యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరుగా చేరిన నాటినుంచి అతడు మోసిన చదువునంతా లారీలకెత్తితే ఆ వరస కాజీపేట స్టేషన్ దాకా పోతుంది. అందులో ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు. ఆరో తరగతిలో లెక్కల సారు బెత్తం విరిగేదాకా కొట్టాడు. బెత్తంతో పాటు చదువూ విరిగింది. ఆ సారుకు మాత్రం తర్వాతి రోజుల్లో ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువా కప్పారు.

దేవదానం కూర్చునేది రిజర్వు కౌంటరులో. బాగా గిరాకీ ఉన్న పాఠ్యపుస్తకాలు ఎవరికీ ఇంటికివ్వరు. కౌంటరు వెనుక ఇనప అల్మారీలో పెట్టి తాళం వేస్తారు. విద్యార్థి చీటీ రాసిస్తే దేవదానం పుస్తకం తీసిస్తాడు. అక్కడే రీడింగ్ హాల్లో కూర్చుని చదువుకుని తిరిగి ఇచ్చి పోవాలి. చూడ్డానికి చిన్న పనే. కానీ ఎమ్మే చదివేవాడైనా, పీహెచ్‌డీ చేసేవాడైనా, రేపు కలెక్టరయ్యేవాడైనా చీటీ పట్టుకుని అతడి ముందు నిలబడాల్సిందే. దేవదానం ఆ చీటీని కిటికీ వెలుతురుకు పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, "నీ రాత మంచిగ లేదు, మళ్ల రాస్కరా పో" అనేవాడు. లోకం అతడికిచ్చిన అధికారం అంతే. దాన్నే ఊరగాయలా దాచుకుని రోజూ కాస్త నంజుకునేవాడు.

ఆ అల్మారీకంతా పెద్ద పేరున్నది ఎర్రబర్రె. అది అర్థశాస్త్రం పుస్తకం. అసలు పేరు ఇంగ్లిషులో బారెడుంటుంది కాబట్టి ఎవరూ ఆ జోలికి పోరు. ఎర్ర అట్ట, ఇటుకరాయంత లావు, పాలివ్వడానికి ముందు నాలుగు తన్నులు తన్నే గుణం. అందుకని పిల్లలు ఆ పేరు పెట్టుకున్నారు. లైబ్రరీ కొన్నది రెండు కాపీలు. ఒకటి అల్మారీలో ఉంది. రెండోదాన్ని వెంకట్రాజం గారు లెక్చరరుగా ఉన్న కాలంలో ఇంటికి పట్టుకుపోయారు. ఆయన లెక్చరరు నుంచి రీడరయ్యారు, రీడరు నుంచి ప్రొఫెసరయ్యారు. పుస్తకం మాత్రం ఆయన ఇల్లు దాటలేదు. అడిగితే "ఇంకా చదువుతున్ననయ్యా" అంటారు.

ఇక దసరా సంగతి చెప్పాలి. మూలా నక్షత్రం రోజున లైబ్రరీలో సరస్వతి పూజ జరుగుతుంది. ఆ రోజు పూజలో పెట్టిన పుస్తకాన్ని దసరా పొద్దున అయ్యగారు వచ్చి ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టరు. ముందే తెరిస్తే, తెరిచినవాడికి వచ్చిన చదువు కూడా పోతుందని నమ్మకం. హాలు ఊడ్చేది దేవదానం. స్టోరు రూము నుంచి అమ్మవారి పటం తెచ్చి బూజు దులిపేది దేవదానం. మామిడాకులు కోసేది, బల్ల జరిపేది, పుస్తకాలు మోసేది దేవదానం. కర్పూరం వెలిగించే వేళకు మాత్రం ఎవరో ఒకరు, "దేవదానం, నువ్వు జర గేటు కాడ ఉండు, ఎవలన్న వస్తే చూడు" అనేవారు. పండుగ పూట లైబ్రరీ గేటు దగ్గరికి మేకలు తప్ప ఏమొస్తాయి? అంతా అయ్యాక ఇంకో అటెండరు కొమురెల్లి విస్తరాకులో పులిహోర తెచ్చిచ్చేవాడు. చల్లారిపోయి, పల్లీలన్నీ ఎవరో ఏరుకున్నాక మిగిలిన పులిహోర. ఏండ్ల తరబడి దేవదానం దాన్ని గేటు దగ్గర నిలబడే తిన్నాడు.

ఎమర్జెన్సీ పోయిన రెండో యేడు లైబ్రరీకి కొత్త లైబ్రేరియన్ వచ్చాడు. పేరు రాజేశ్వర్ రావు. వచ్చిన నెలకే అన్నిటినీ బాగుచేయాలని మొదలుపెట్టాడు. కొత్తగా వచ్చిన ఆఫీసర్లకు అదొక జ్వరం. మందు వేయకపోయినా ఆర్నెల్లలో తగ్గుతుంది. రాజేశ్వర్ రావుకు జ్వరం ఎక్కి ఉన్నప్పుడే దసరా వచ్చింది.

"ఇన్నేండ్ల సంది అమ్మవారి ముందట ఏం పుస్తకాలు పెడుతున్నరు?" అని అడిగాడు.

"చెదలు పట్టిన గెజిట్లు సార్" అన్నాడు కొమురెల్లి. "గవైతే ఎవలడగరు."

"సిగ్గుండాలె మనకు. ఎవడూ చదవని పుస్తకంల సరస్వతి ఎట్లుంటదయ్యా? పిల్లలు ఎక్కువ చదివే పుస్తకాలు పెట్టాలె. దేవదానం, నువ్వే ఏరు. అన్నీ నీ చేతుల మీదికెల్లే పోతయి గద."

దేవదానాన్ని పుట్టినప్పటినుంచీ ఎవరూ ఏదీ ఏరమని అడగలేదు. పెండ్లికి పిల్లను కూడా మేనమామే ఏరాడు. ఆ మాటతో అతడి ఛాతీ రెండు వేళ్లు పొంగింది. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పేర్లు చదవడం అతడికి అక్కర్లేదు. వేళ్ల మురికితో అంచు నల్లబడ్డ పుస్తకం, వెన్ను విరిగిన పుస్తకం, చెవులు వేలాడే పుస్తకం, అంటే బాగా చదివిన పుస్తకమే కదా. అలా చూస్తే రిజర్వు అల్మారీ మొత్తం అలాంటిదే. మొత్తం మోసుకొచ్చి పత్రికల గదిలో బల్ల మీద పేర్చాడు. అన్నిటికంటే పైన ఎర్రబర్రె. దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, బంతిపువ్వు పెడితే పెండ్లిపీట మీది పెద్దబిడ్డలా ఉంది.

"అన్నా, అల్మారీ అంతా ఊడ్సుకొచ్చినవు. ఇగ పోరగాండ్లు ఏం సదువుతరే?" అన్నాడు కొమురెల్లి.

"ఏం సదువుడు? పరీక్షలున్నయా, పాడున్నయా?"

అతడి తప్పేం లేదు. ఆ యేడు పరీక్షలు ఏప్రిల్లో జరగాలి. ఏప్రిల్లో పేపర్లు అచ్చుకాలేదు. జూన్‌లో లెక్చరర్లు సమ్మె చేశారు. జులైలో విద్యార్థులు సమ్మె చేశారు, లెక్చరర్ల సమ్మె ఎందుకు ఆపారని. ఆగస్టులో వానలు పడ్డాయి. పరీక్ష అనేది ఒకటుందని లైబ్రరీలో అందరూ మర్చిపోయారు. రాజేశ్వర్ రావు కూడా పేర్చిన బల్లను చూసి, "శెభాష్, ఇదీ పూజ అంటె" అన్నాడు.

అయ్యగారు వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. దేవదానం ముందు వరసలోనే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కర్పూరం పళ్లెం చేతిలోకి తీసుకున్నాక రాజేశ్వర్ రావు వెనక్కి తిరిగాడు.

"దేవదానం, నువ్వు జర గేటు కాడ ఉండు."

"గేటు కాడికి ఎవలొస్తరు సార్?"

"ఎవలన్న రావచ్చు. అయ్యగారు జర పట్టింపు మనిషి. సమజ్ చేస్కో."

"పుస్తకాలు మోసుకొచ్చేటప్పుడు లేని పట్టింపు హారతి కాడ వచ్చిందా సార్?"

అయ్యగారు పటం వైపు చూశారు, రాజేశ్వర్ రావు కర్పూరం వైపు చూశాడు. ఇస్త్రీ చొక్కా లోపల దేవదానానికి చెమట పట్టింది. గుమ్మం దగ్గర ఆగి, అందరికీ వినపడేలా అన్నాడు.

"మంచిది. ఇగ ఆ బల్ల మీద నేను చెయ్యేస్తె నా పేరు దేవదానమే గాదు. అందరు యాది పెట్టుకోండ్రి."

"పెట్టుకుంటం తియ్యన్నా" అన్నాడు కొమురెల్లి.

పూజయ్యాక గదికి తాళం వేసి తాళంచెవి దేవదానం చేతిలోనే పెట్టారు. పండుగ లేనోడు అతనొక్కడే కదా, సెలవుల్లో రీడింగ్ హాలు తెరిచేదీ మూసేదీ అతడే. చెయ్యి పనికిరాదు గానీ చేతిలో తాళంచెవి పనికొస్తుంది. ఆ యేడు పులిహోర విస్తరాకును అతడు మేక ముందు పెట్టాడు. మేక వాసన చూసి పక్కకు తిరిగింది.

సరిగ్గా ఆ సాయంత్రమే పరీక్షల నోటీసు బోర్డు మీదికెక్కింది. ఎమ్మే అర్థశాస్త్రం, మొదటి పేపరు, దసరా వెళ్లిన తెల్లారే.

మిషన్ కాంపౌండు వెనకాల పెంకుటింట్లో దేవదానం అన్నం ముందు కూర్చున్నాడు. పుస్తకాల మీద భక్తి లేని ఆ మనిషికి ఒకే ఒక చదువు మీద మాత్రం ప్రాణం. అది బిడ్డ విమల చదువు. ఎమ్మే అర్థశాస్త్రం ఆఖరి సంవత్సరం. డోర్నకల్‌లో రైల్వేలో పనిచేసే బావమరిది ఆనందరావు అక్కడొక కాలేజీలో ఆమెకు ఉద్యోగం మాట్లాడి పెట్టాడు. క్రిస్మస్ లోపల ఎమ్మే పాసైనట్టు కాగితం చూపిస్తే కుర్చీ ఆమెది. చూపించకపోతే ఆ కుర్చీకి ఇంకో బావమరిది ఉన్నాడు.

"బాపూ, రేపు పొద్దుగాల్నే ఎర్రబర్రెను నాకు తీసిపెట్టు" అంది విమల. "దాంట్ల సగం పాఠాలకు నోట్సే రాసుకోలేదు. మొదటి పేపరంతా దాంట్లకెల్లే ఇస్తరట."

దేవదానం ఎత్తిన ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టాడు.

"పూజల పెట్టిన్రు బిడ్డా."

"ఎవలు పెట్టిన్రు?"

"పెట్టిన్రు."

"ఎవలు బాపూ?"

"ఇంకెవలు పెడుతరు?" అంది పొయ్యి దగ్గర్నుంచి అతడి భార్య మరియమ్మ. "మీ బాపే. ఇస్తిరంగి ఏస్కపోయిండు గద, ఏదో కోట గెలిచి వస్తనని."

విమల నవ్వలేదు. "అయితే రేపు పోయి తీస్కరా. మనకేం పట్టింపున్నది?"

దేవదానం ఒట్టు సంగతి చెప్పాడు. మరియమ్మ నెత్తి కొట్టుకుంది. "నోరా, వీపుకు చేటు తేకే అంటరు గిందుకే" అంది.

"తాళంచెవి నాకియ్యి. నేనే తీస్కుంట."

"నువ్వు ముడితె ఊకుంటరనుకున్నవా? దేవదానం బిడ్డ పూజ చెడగొట్టిందంటరు. ఇగ సదవక తప్పినోడు, కాపీ కొట్టి దొరికినోడు, అందరు తెచ్చి నీ నెత్తిన ఏస్తరు. ఈ ఊళ్లె తిరగనియ్యరు నిన్ను."

"ముట్టకుంటె నేనొక్కదాన్నే తప్పుత. గది మంచిగుంటదా నీకు?"

దేవదానం చెయ్యి కడుక్కుని బయట మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు లైబ్రరీ తలుపు తీసేసరికే మెట్ల మీద హాస్టలు హాస్టలంతా ఉంది. ఎవరూ గొడవ చేయలేదు. అదే విచిత్రం. మామూలు రోజైతే ఒక్క ఫ్యాను తిరగకపోయినా అద్దాలు పగలగొట్టే పిల్లలు. పూజలో ఉన్న పుస్తకాలనేసరికి పిల్లులైపోయారు. ఒక్కొక్కడే వచ్చి, కౌంటరు మీద మోచేతులు ఆనించి, గొంతు తగ్గించి, అందరూ ఒకే మాట అన్నారు.

"అన్నా, నీకేం దోషం లేదు గద."

"నువ్వు చర్చికి పోతవు గద, నీకు పట్టదు. జర తియ్యే."

దేవదానానికి ముందు ఒళ్లు మండింది, తర్వాత హాయిగా అనిపించింది. హారతి కాడ పనికిరాని మనిషి ఇప్పుడు ఊరందరికీ కావలసివచ్చాడు. అందరికీ ఒకే జవాబు చెప్పాడు. "నన్ను గేటు కాడ ఉండుమన్నరు. ఉంటన్న."

మధ్యాహ్నం మొగిలయ్య వచ్చాడు. విద్యార్థి నాయకుడు. హాస్టలు గోడ మీద దేవుడు లేడు అని తారుతో నిలువెత్తు అక్షరాలు రాసినవాడు.

"అన్నా, ఒక్క గంట సేపు. నువ్వు తీసియ్యి, నేను చదువుకొనిస్త."

"నువ్వే తియ్యరాదు తమ్మీ. తాళం తీస్త పా. దేవుడు లేడని రాసినోనివి, నీకు భయమేంది?"

మొగిలయ్య అటూ ఇటూ చూశాడు. "దేవుడు లేడన్నా. కని పరీక్ష ఉన్నది గద."

"మరి నేను తీస్తె నువ్వు చదివితె, చదువు పోదా?"

"ముందుగాల తెరిచినోనికే పోతదట. నీకు పోతందుకు ఏమున్నది?"

అందులో ఎగతాళి కూడా లేదు. నిజంగానే లెక్క వేసుకుని వచ్చాడు. దేవదానం అతడి చీటీ తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి, రాత బాగాలేదని తిరిగి ఇచ్చేశాడు.

కానీ హాలు మూలన విమల కూర్చుని ఉంది. ముందు ఉత్త కాగితాలు, చేతిలో మూత తీయని పెన్ను. ఆ మూల వైపు చూసినప్పుడల్లా దేవదానం హాయి చల్లారిన పులిహోరలా అయిపోతోంది. అప్పుడతడికి రెండో కాపీ గుర్తొచ్చింది. సెలవైనా ముచ్చట్లకని రోజూ వచ్చి కూర్చునే కొమురెల్లికి కౌంటరు అప్పజెప్పి సైకిలెక్కాడు.

వెంకట్రాజం గారి ఇల్లు హసన్‌పర్తి పోయే తొవ్వలో. ఆ రోజు సద్దుల బతుకమ్మ. ఆయన భార్య రాజేశ్వరమ్మ వాకిట్లో తంగేడు, గునుగు పూలు గుట్టలు పోసుకుని బతుకమ్మ పేరుస్తోంది. సారు వాలుకుర్చీలో పడుకుని పేపరు చదువుతున్నారు.

"సార్, ఆ ఎర్ర పుస్తకం ఒక్క రెండ్రోజులకు ఇయ్యుండ్రి. పిల్లలు ఆగమైతాన్రు."

"అయ్యో, అది పూజల పెట్టిన కదయ్యా."

దేవదానానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దేవుని గదిలోకి తొంగి చూస్తే నిజమే. అమ్మవారి పటం ముందు ఎర్రబర్రె చెల్లెలు, పసుపు కుంకాలతో. ఉన్న రెండు కాపీలూ సరస్వతే చదువుకుంటోంది.

"జర తీసియ్యుండ్రమ్మా. బిడ్డ పరీక్ష" అన్నాడు రాజేశ్వరమ్మతో.

"దసరా దాటనియ్యి అన్నా. సారు డీన్ కావాల్నని మొక్కిన. ఇప్పుడు కదిలిస్తె ఎట్ల?" అంటూ ఆమె తంగేడు కట్ట అందుకుంది.

గుమ్మం బయటినుంచే దేవదానం ఆ పుస్తకాన్ని ఇంకోసారి చూశాడు. పుస్తకాల విషయంలో అతడికి తెలిసిన విద్య ఒక్కటే, అంచు చూడడం. లైబ్రరీ కాపీ అంచు బొగ్గులా ఉంటుంది. ఇది కోసిన ముల్లంగిలా తెల్లగా ఉంది.

"సార్, ఇన్నేండ్ల సంది చదువుతాన్న అన్నరు గద?"

"పెద్ద పుస్తకం కదయ్యా" అన్నారు వెంకట్రాజం గారు పేపరు దించకుండా.

తిరుగు తొవ్వలో గాలి ఎదురు కొట్టింది. ఎత్తు దగ్గర దిగి సైకిలు నెట్టుకుంటూ దేవదానం అందరినీ తిట్టాడు. సారును, అయ్యగారిని, రాజేశ్వర్ రావును, నోటీసు అంటించినవాడిని. హనుమకొండ వచ్చేసరికి తిట్టడానికి తానొక్కడే మిగిలాడు.

తెల్లారి నవమి. మధ్యాహ్నం హాలు నిండుగా ఉంది. ఎవరి ముందూ పుస్తకం లేదు. ఎదురుగా మూసిన గది, దానికి తాళం, తాళానికి బంతిపూల దండ. విమల లేచి కౌంటరు దగ్గరికి వచ్చింది. చీటీ పెట్టింది. పుస్తకం పేరు పూర్తిగా, బారెడు ఇంగ్లిషు పేరు ఒక్క అక్షరం పోకుండా, ముత్యాల్లాంటి రాతలో రాసింది. కింద తన పేరు.

"ఏంది విమలా ఇది?" అన్నాడు మెల్లగా.

"రీడర్ అడిగితె పుస్తకం ఇయ్యాలె గద. లేకుంటె లేదని దాని మీద రాసియ్యుండ్రి సార్."

సొంత బిడ్డ సారనడంతో కొమురెల్లి దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు. దేవదానం చీటీని వెలుతురుకు పట్టి చూశాడు. రాతలో వంక పెట్టడానికి ఏమీ లేదు. చీటీ అతడి వేళ్ల మధ్య అలాగే ఉండిపోయింది.

అప్పుడే రాజేశ్వర్ రావు లోపలికి వచ్చాడు. సెలవు రోజు, పండుగ బట్టల్లో. "దేవదానం, జర ఇట్ల రా" అని బైండింగు గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేశాడు.

"చూడు, మా బామ్మర్ది కొడుకు కూడ ఈ పరీక్షే రాస్తున్నడు. ఆ ఎర్ర పుస్తకం వెనక తలుపుకెల్లి తీసి నాకియ్యి. సంచిల వేస్కపోత. రేపు పొద్దున అయ్యగారు రాకముందే తెచ్చి పెట్టేద్దాం. అమ్మవారికి తెల్వది."

"అమ్మవారికి తెల్వదా సార్?"

"అంటే, మనుషులకు తెల్వదు అని. నీకేం దోషం లేదు గద."

ఆ మాట మెట్ల మీది పిల్లలు అంటే ఒకలా ఉంది. హారతి పళ్లెం పట్టుకున్న మనిషి నోట వింటే ఇంకోలా ఉంది. దేవదానానికి కోపం రాలేదు. నడిచి నడిచి అలసిన కాలి చెప్పులోంచి రాయి పడిపోయినట్టు తేలికైంది. పూజ చేయించినవాడే పుస్తకాన్ని సంచిలో వేసుకుపోతానంటున్నప్పుడు తన ఒట్టు ఎంత, దాని బరువెంత? తలుపు బార్లా తెరిచి, హాల్లోకి వచ్చి నిలబడ్డాడు.

"సార్, నాకు చెవులు జర మందం. ఏమన్నరో గట్టిగ చెప్పుండ్రి."

హాల్లో కుర్చీలన్నీ ఒక్కసారి చప్పుడు చేశాయి. తలలన్నీ ఇటు తిరిగాయి. రాజేశ్వర్ రావు గుమ్మంలో నిలబడి కండువా సవరించుకున్నాడు. పిల్లల మొహాలు చూశాడు, తాళం చూశాడు, మళ్లీ దేవదానాన్ని చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది. దేవదానం చూడనట్టే ఉన్నాడు.

"అదే," అన్నాడు రాజేశ్వర్ రావు ఆఖరికి, గొంతు పెంచి, "విద్యార్థుల అవసరం దృష్ట్యా... పుస్తకాలు తియ్యుమంటున్న."

"ఏ ఒక్కటో కాదు గద సార్. అన్నీ?"

"అన్నీ."

"ఎవలకన్న చదువు పోతే?"

"నాదే జిమ్మేదారి. తియ్యవయ్యా ఇగ."

"గట్లయితె మీరు నా పక్కన నిలవడుండ్రి. గేటు కాడ గాదు, ఈన్నే."

దేవదానం చెప్పులు విడిచాడు. బంతిపూల దండ పక్కకు తీసి తాళం తెరిచాడు. రాజేశ్వర్ రావు పక్కనే నిలబడి కళ్లు గట్టిగా మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. అమ్మవారికి క్షమాపణో, బామ్మర్దికి జవాబో. హాలంతా గుమ్మం దాకా వచ్చి గీత గీసినట్టు ఆగింది. మొగిలయ్య అందరికంటే వెనక ఉన్నాడు.

బల్ల దగ్గర దేవదానం ఒక్క క్షణం ఆగాడు. భక్తి అని కాదు. ఎందుకో అతడికీ తెలియలేదు. "ఏమనుకోకు తల్లీ, సదువుకునే పిల్లలు" అని లోపల అనుకుని, బంతిపువ్వు తీసి పటం ముందు పెట్టి, ఎర్రబర్రెను రెండు చేతులతో ఎత్తాడు. అక్కడ నిలబడే దాని అట్ట తెరిచి మూశాడు. పోయేదేదో తనకే పోనీ. అప్పుడు గుమ్మం దగ్గరికి వచ్చి చీటీ చూసి, ఏ రీడర్‌నైనా పిలిచినట్టే పిలిచాడు.

"డి. విమల."

విమల వచ్చి అందుకుంది. ఆమె అరచేతులకు పసుపంటింది. వెనకే మొగిలయ్య మోచేతులతో జనాన్ని నెట్టుకుంటూ వచ్చాడు. "ఎర్రబర్రె చుట్టూ కూసుందాం, ఒక్కరు చదువుతె అందరం రాసుకుందాం" అన్నాడు. గీత చెరిగిపోయింది. చీటీలు ముసురుకున్నాయి. దేవదానం ఒక్కొక్కటీ తీసి పేరు పిలిచాడు. ఆ రోజు మాత్రం ఎవరి రాతకూ వంక పెట్టలేదు. సాయంత్రానికి బల్ల మీద పటం, గుడ్డ, కొబ్బరి చిప్పలు మిగిలాయి. మర్నాడు అయ్యగారు వస్తే ఖాళీగా ఉండొద్దని కొమురెల్లి చెదలు పట్టిన గెజిట్లు తెచ్చి పేర్చాడు. అయ్యగారు వాటికే ఉద్వాసన చెప్పి పోయారు. ఆయన ఏనాడూ పుస్తకాల మొహం చూసి మంత్రం చదవలేదు.

"అన్నా," అన్నాడు కొమురెల్లి తాళం వేస్తుంటే, "చెయ్యేస్తె నీ పేరు దేవదానం గాదంటివి. మరిప్పుడు నీ పేరేంది?"

"లేదు పో."

"గట్లనా. మంచిది, పేరులేనన్నా."

ఆ పేరు ఖాయమైంది. ఆ తర్వాతి యేడు చేరిన పిల్లలు అదే అతడి అసలు పేరనుకున్నారు.

పరీక్ష జరిగింది. ఎర్రబర్రెలోంచి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. పేపరు తయారుచేసింది వెంకట్రాజం గారు. తానెన్నడూ తెరవని పుస్తకంలోంచి ఆయన ప్రశ్నలెలా ఇస్తారు? ఏటేటా క్లాసులో చెప్పి రాయించే తన పాత నోట్సులోంచే ఇచ్చారు. ఆ నోట్సు విమల ఏడాది ముందే కంఠతా పట్టింది. సెకండ్ క్లాసులో పాసైంది. క్రిస్మస్‌కు వారం ముందు డోర్నకల్‌లో ఆ కుర్చీలో కూర్చుంది. పాసైనవాళ్లంతా తమ కష్టమన్నారు. తప్పినవాళ్లంతా పేరులేనన్న పూజ ముట్టుకున్నాడన్నారు. మొగిలయ్య పాసై, అది శాస్త్రీయ దృక్పథం గెలుపని హాస్టల్లో ఉపన్యాసమిచ్చాడు. రాజేశ్వర్ రావు బామ్మర్ది కొడుకు తప్పాడు. అతడు ఆ రోజు లైబ్రరీకే రాలేదు, పుస్తకం ఇంటికొస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. రాజేశ్వర్ రావు నెల రోజులు దేవదానంతో మాట్లాడలేదు. అన్నీ బాగుచేసే జ్వరం కూడా అప్పుడే తగ్గింది.

విమల మొదటి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు అడిగింది. "బాపూ, ఆ రోజు ముందుగాల నువ్వే ఎందుకు తెరిచినవు? నాకిచ్చేముందు అట్ట తెరిచి చూసినవు గద."

"చినిగిందేమోనని చూసిన" అన్నాడు దేవదానం.

మళ్లీ దసరా వచ్చింది. పూజలో గెజిట్లే పెట్టారు. కర్పూరం వెలిగించే వేళకు దేవదానం అలవాటు కొద్దీ గేటు వైపు నడిచాడు.

"ఎటు పోతున్నవు?" అన్నాడు రాజేశ్వర్ రావు. "ఈన్నే ఉండు, బల్ల పక్కకు."

"అయ్యగారు పట్టింపు మనిషి గద సార్?"

"అయ్యగారికి నేను చెప్పిన తియ్యి. ఏ గెజిటన్న ఎవలకన్న అవసరం పడితె తియ్యడానికి మనిషుండాలె గద."

అంటే మర్యాదకు కాదు, అక్కరకు. తెలిసినా దేవదానం నిలబడ్డాడు. హారతి అయింది. కొమురెల్లి మొదటి విస్తరాకు తెచ్చి అతడి చేతిలోనే పెట్టాడు. పులిహోర ఇంకా పొగలు కక్కుతోంది, పల్లీలు పల్లీల్లాగే ఉన్నాయి. అందరూ అతడి మొహం వైపు చూస్తున్నారు, ఏమంటాడా అని.

దేవదానం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.